పాత ఫిల్ము కెమేరా: బాగుచేయింపవలెనా, మార్చవలెనా?

భోగిపండుగకు ముందు రాజపాళయమున ఇండ్లకు సున్నము వేయించుట, అటకలమీది సామాను దింపి దులుపుట పరిపాటి. పాతది పోవలెను, క్రొత్తది రావలెనను మాట ఇచటి తమిళులకును, విజయనగర ప్రభువుల కాలమున ఆంధ్రదేశమునుండి వలసవచ్చి ఈ యూర స్థిరపడిన రాజుల కుటుంబములకును సమానమే. అట్లు దింపిన సామానులో, ఇత్తడి బిందెలకును పలుకని రేడియోకును నడుమ, తోలుసంచిలో నొక కెమేరా బయటపడుట కలదు. తాతగారు కొన్నదో, మేనమామ సింగపూరునుండి తెచ్చినదో ఎవరికిని సరిగా జ్ఞాపకముండదు. మీట నొక్కినచో టక్కుమని శబ్దము వచ్చును, లేదా రాదు. అంతట ఇంటిలో రెండు పక్షము లేర్పడును. బాగుచేయింతమని యొకరు, పాతసామానులవానికిచ్చి వేఱొకటి కొందమని మఱియొకరు. ఏ పక్షము సరియైనదో కెమేరాను చూడకుండ చెప్పుట సాధ్యము కాదు. కాని ఏ ప్రశ్న ముందు, ఏది వెనుక వేసికొనవలెనో తెలిసినచో తీర్పు అంత కష్టము కాదు.

తీర్పునకు ముందు చేయరాని పని యొకటి కలదు. అది వెనుకతలుపు తెఱచి చూచుట. అటకనుండి దిగిన కెమేరాను చేతికి తీసికొనిన ప్రతివాడును మొదట చేయునది ఇదియే! లోపల సగము వాడిన ఫిల్ము ఉండవచ్చును. ఒక పెండ్లికి సగము చుట్ట వాడి, మిగిలిన సగమునకు మఱియొక శుభకార్యము కొఱకు వేచియుండుట ఆ దినములలో పొదుపు. ఆ రెండవ శుభకార్యము ఎన్నడును రానిచో ఫిల్ము అచటనే యుండిపోవును. 35 మిల్లీమీటర్ల కెమేరాలో ఎడమవైపున పైని ఫిల్మును వెనుకకు చుట్టు పిడి యుండును. దానిని బాణపుగుర్తు చూపిన దిక్కునకు మెల్లగా త్రిప్పినచో చేతికి బిగువు తగిలినచో లోపల ఫిల్ము కలదని గ్రహింపవలెను. చుట్టఫిల్ము వాడు పెట్టెకెమేరాలలో వీపున చిన్న యెఱ్ఱని కిటికీ యుండును. అందు కాగితముగాని అంకెగాని కానవచ్చినచో ఫిల్ము ఉన్నట్లే. అట్టి ఫిల్మును పూర్తిగా చుట్టి, పిమ్మటనే తలుపు తెఱవవలెను. నలుపుతెలుపు ఫిల్ముమీద పడిన కంటికగపడని బింబము కొన్ని దశాబ్దముల పిదపగూడ, మసకగానైనను, రసాయనములలో బయటపడుట కలదు. రంగుఫిల్ము అంత మన్నదు. కొడాక్రోము అను రంగుఫిల్మును దాని రంగులతో కడుగుట 2010 డిసెంబరుతో లోకమంతటను ముగిసిపోయినది. నేడది దొరికినచో నలుపుతెలుపుగా మాత్రము కడిగింపవచ్చును. ఏమైనను, యంత్రము పనికిరాదని తేల్చి పాతసామానులవానికిచ్చుచు, ఆ తొందరలో కీర్తిశేషులైన పెద్దల కడపటి చిత్రమునుగూడ ఇచ్చివేయుట జరుగరాదు.

ఇక మొదటి ప్రశ్న: ఆ కెమేరాకు తగిన ఫిల్ము నేడు తయారగుచున్నదా? ఎంత నైపుణ్యముతో బాగుచేసినను, మేత దొరకని యెద్దుతో సేద్యము సాగదు.

మన దేశపు మధ్యతరగతి యిండ్లలో విరివిగా కానవచ్చిన పెట్టెకెమేరా ఆగ్ఫా క్లిక్-3. దానిని బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీసువారు తయారుచేసిరి. అది 120 అను చుట్టఫిల్మును తీసికొని, చుట్టకు 12 చదరపు చిత్రములు తీయును. ఈ 120 ఫిల్ము పుట్టినది 1901లో, నేటికిని తయారగుచున్నది. ఒక కొలత నూఱేండ్లు దాటి నిలిచి, దాని కొఱకు పుట్టిన కెమేరాలు వరుసగా అంతరించుట ఈ విద్యలోని వింతలలో నొకటి. 35 మిల్లీమీటర్ల ఫిల్మునకును లోటులేదు. కావున యాషికా, నికాన్, పెంటాక్స్, జెనిత్ మొదలగువాని గూర్చి ఈ విషయమున భయపడనక్కఱలేదు. 620, 127 అను కొలతల ఫిల్మును కోడక్ సంస్థ 1995లో మానివేసినది. 620 కెమేరాకు ఉపాయమున్నది. ఫిల్ము వెడల్పు 120తో సమానమే, భేదమంతయు కదురులోనే. కావున చీకటిగదిలో 120 ఫిల్మును 620 కదురునకు మార్చి చుట్టి వాడవచ్చును. ఓర్పుగలవారికి ఇది పెద్దపని కాదు. 1980 ప్రాంతముల ఎక్కువగ అమ్ముడుపోయిన హాట్ షాట్ కెమేరా సంగతి వేఱు. అది 110 అను చిన్నపెట్టె ఫిల్మును వాడును. 1972లో వచ్చిన ఆ కొలత దాదాపు లుప్తమై, 2012నుండి లోమోగ్రఫీ సంస్థవారివలన మఱల కొంత దొరకుచున్నది. వ్రేలిగోరంత నెగటివు కొఱకు అట్టి కెమేరాకు మరమ్మతు చేయించుట దండుగ. దానిని దాచుకొనవచ్చును, పిల్లలకు ఆటవస్తువుగా నీయవచ్చును.

మన రాష్ట్రమునందే ఉదకమండలమున హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అను ప్రభుత్వసంస్థ 1960లో స్థాపింపబడి, 1967నుండి ఫిల్మును తయారుచేసినది. 'ఇందు' అను పేరుతో ఆ ఫిల్ము దేశమంతట అమ్ముడయ్యెను. ఆ కర్మాగారము మూతపడిన పిమ్మట మనకు ఫిల్మంతయు విదేశములనుండి రావలసినదే. అమెరికాలో కోడక్, ఇంగ్లండులో ఇల్ఫర్డు, చెక్ దేశమున ఫోమా దీనిని నేటికిని తయారుచేయుచున్నవి. ధర యెక్కువయగుటకు ఇదియు నొక కారణము. కెమేరా ఖర్చును గూర్చి వాదించుకొనువారు ఫిల్ముఖర్చును మఱచుట తఱచు.

ఫిల్ము దొరకునని తేలినపిదప రెండవ ప్రశ్న వచ్చును: చెడినది యేది? 1936లో పి. ఎ. సి. రామస్వామిరాజుగారు రాజపాళయము మిల్లును స్థాపించినది మొదలు ఈ యూరివారికి యంత్రముల మరమ్మతు క్రొత్తవిద్య కాదు. నూలుమిల్లులోని రింగుఫ్రేమును తెలిసినవారికి కెమేరా సంగతి సులభముగా బోధపడును. దారమును కదురుమీదికి నడిపించుటకు రింగుపైన 'ట్రావెలర్' అను చిన్న తీగముక్క యుండును. అది అతివేగముగ పరుగెత్తి, వేడెక్కి, అరిగిపోవును. దానిని గడువు చూచుకొని తీసివేసి క్రొత్తది తొడుగుచుందురు. ట్రావెలర్ అరిగినదని ఫ్రేమును అమ్ముకొనువాడు లేడు. ఫ్రేము విఱిగినపుడు ట్రావెలర్ మార్చి తృప్తిపడువాడును లేడు. పాతకెమేరాలో ట్రావెలర్ వంటిదేది, ఫ్రేము వంటిదేది అని విడదీయుటయే పరీక్ష యంతయు.

అరుగుటకే పుట్టిన భాగములు కొన్ని. వెనుకతలుపు అంచులలో వెలుతురు చొరకుండ నల్లని స్పాంజి అతికింపబడియుండును. ఇరువది ముప్పది యేండ్లలో అది జిగురై, తారువలె వ్రేళ్ళకంటును. దీనిని చూచి కెమేరా కుళ్ళిపోయినదని భయపడువారు కలరు! ఆ జిగురును తుడిచి క్రొత్తస్పాంజి యంటించుట ఇంటివారే చేసికొనదగిన పని. రెండవది బ్యాటరీ. కెమేరాలో మఱచిన బ్యాటరీ కారి, ఇత్తడిరేకులమీద పచ్చనిపొడి పట్టును. వినెగరులో ముంచిన దూదితో తుడిచిన చాలవఱకు పోవును. 1960, 70 సంవత్సరముల కెమేరాలు పెక్కింటికి 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీ కావలెను. పాదరసము విషమగుటచే దాని తయారీ నిషేధింపబడినది. దానికి బదులు 1.5 వోల్టుల బ్యాటరీ వేసినచో వెలుతురుకొలత తప్పు చూపవచ్చును. ఆ తప్పును యంత్రదోషమని భ్రమింపరాదు. చెవిటివారి యంత్రములకు వాడు జింకు-గాలి బ్యాటరీల వోల్టేజి పాతదానికి దగ్గఱగానుండుటచే వానిని వాడువారు కలరు.

వెలుతురుకొలత యంత్రము పూర్తిగా చచ్చినను అది కెమేరాకు మరణము కాదు. పూర్వపు సెలీనియము మీటర్లు కాలక్రమమున బలహీనపడును, వానికి మందులేదు. అయినను మంచి యెండలో కటకపు ద్వారమును 16వ అంకెవద్ద నుంచి, ఫిల్ము వేగము 100 అయినచో షట్టరును సెకనులో 100వ వంతునకు, లేదా దానికి దగ్గఱనున్న 125వ వంతునకు పెట్టినచో చాలునను పాతసూత్రము నేటికిని తప్పదు. రాజపాళయమున సంవత్సరమునందు ఎక్కువ దినములు ఆ సూత్రమునకు కావలసిన యెండ ఉచితముగనే లభించును.

ఇక ఫ్రేము వంటివి రెండు: కటకము, షట్టరు. కటకమునకు ఈ యూర ముఖ్యశత్రువు బూజు. పడమటి కనుమల పాదమున నుండుటచేతను, ఈశాన్య ఋతుపవనపు వానలచేతను ఆశ్వయుజ కార్తికములలో గాలి తేమతో నిండియుండును. దారము తెగకుండుటకు మిల్లులలో కావలెనని తేమ కల్పింతురు. దారమునకు హితమైన ఆ తేమయే కటకమునకు అహితము. తోలుసంచి యింకను చెడ్డది. తేమను పట్టియుంచి బూజునకు పొదరిల్లగును. కటకమును పూర్తిగా తెఱచి వెనుకనుండి టార్చిదీపము వేసి చూచినచో సాలెపట్టువంటి సన్ననిదారములు కానవచ్చును. అవి గాజు పైపొరమీదనున్నచో తుడిచిన పోవును. బహుకాలము నిలిచినచో బూజు విడుచు ఆమ్లము గాజుపూతను తినివేయును. అపుడు బూజు పోయినను దాని యడుగుజాడ పోదు. ఆ జాడ చిన్నదైనచో చిత్రమున కానరాకపోవచ్చును. సూర్యునికి ఎదురుగా తీసినపుడు మాత్రము మసక తోచును. కావున బూజు పట్టినదని వినినంతనే పాఱవేయుట తొందరపాటు. మూలలనున్న నాలుగుదారములు వేఱు, నడుమ నిండిన పొగమంచు వేఱు. కటకము ఊడదీసి మార్చదగినదైనచో చిక్కేలేదు. అదే తరగతి కటకము మఱియొకటి సంపాదింపవచ్చును. బూజుపట్టినదానిని మంచికటకముల ప్రక్కన నుంచరాదు.

షట్టరు పరీక్షకు నేడొక సౌకర్యమున్నది. వెనుకతలుపు తెఱచి, ఎదుట దీపము పెట్టి, చేతిఫోనులో సెకనునకు 240 చిత్రములు తీయు నిదానచిత్రణతో షట్టరును చిత్రింపవలెను. సెకనులో 30వ వంతు తెఱచియుండవలసిన షట్టరు సుమారు 8 చిత్రములలో తెఱచి కానరావలెను. 8వ వంతుదైనచో 30 చిత్రములలో. దానికి రెట్టింపు వచ్చినచో షట్టరు మందగించినదన్నమాట. నిదానపు వేగములు మందగించుటకు సామాన్యకారణము విఱుగుట కాదు, లోపలి చమురు గట్టిపడుట. కడిగి మఱల చమురు వేసినచో కదలును. 500వ వంతు అని గుర్తున్న వేగము నిజమునకు 250వ వంతుగా నడచుచున్నను నెగటివు ఫిల్ము ఓర్చుకొనును. వెలుతురు కొంత యెక్కువైనను అది చెడదు. స్లైడు ఫిల్మైనచో ఓర్వదు. గుడ్డతెర షట్టరులో సూదిమోపు రంధ్రములున్నచో, లేక మడతపెట్టు కెమేరా తోలుతిత్తి మూలలలో చిల్లులున్నచో, చీకటిగదిలో లోపల దీపముంచి చూచిన నక్షత్రములవలె మెఱయును. తిత్తిచిల్లులను అతుకవచ్చును. తెర మార్చుట మాత్రము నిపుణుని పని.

యంత్రశక్తితో నడచు కెమేరాకును విద్యుత్తుతో నడచు కెమేరాకును ఇచట దారులు చీలును. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్.ఎం.2, 1976 మొదలు 1997 వఱకు తయారైన పెంటాక్స్ కె-1000 బ్యాటరీ లేకున్నను షట్టరు కొట్టును. బ్యాటరీ వెలుతురుకొలతకు మాత్రమే. అందలి పండ్లచక్రములను చేయి తిరిగిన మరమ్మతుగాడు ఎన్ని యేండ్లకైనను సరిచేయగలడు. 1976లోనే వచ్చిన కానన్ ఏ.ఇ.-1 యందు షట్టరు నడుపునది విద్యుత్‌పలక. ఆ పలక కాలినచో అట్టిదే మఱియొక చచ్చిన కెమేరానుండి తీసి అతుకవలసినదేగాని వేఱుదారి లేదు. 1966నాటి యాషికా ఎలెక్ట్రో 35 ఈ రెంటికిని నడుమనున్నది. బ్యాటరీ లేనిచో దాని షట్టరు 500వ వంతున మాత్రము నడచును. దానికి సామాన్యముగ వచ్చు వ్యాధి లోపలి చిన్న రబ్బరుబిళ్ళ చివుకుట. బిళ్ళ వెల స్వల్పము, తెఱచి వేయు కూలియే అధికము. యాషికాను కలుపుకొనిన క్యోసెరా 2005లో ఆ కెమేరాల తయారీ మానినది. మినోల్టా వంశము 2006లో ఈ వ్యాపారమునుండి తప్పుకొనినది. అట్టివానికి తయారీదారు వద్ద క్రొత్తభాగములు దొరకునని ఆశింపరాదు. యంత్రశక్తి కెమేరాకు మరమ్మతే మేలు. విద్యుత్‌పలక చెడినదానికి మార్పే మేలు. ఈ నియమమునకు అపవాదములు లేకపోలేదుగాని, తఱచుగా ఇది నిలుచును.

బాగుచేయు చేయి యెచటనున్నదనునది మూడవ ప్రశ్న. రాజపాళయమునుండి మదురై సుమారు 85 కిలోమీటర్లు. చెన్నపట్టణము రాత్రిరైలు దూరము. డిజిటలు కెమేరాలు వచ్చిన పిమ్మట ఫిల్ముకెమేరా మరమ్మతు నేర్చుకొను కుఱ్ఱవారు తగ్గిరి. చేతనైనవారికి వయస్సు మీఱుచున్నది. పదియేండ్ల తరువాత బాగుచేయింతమని అటకమీద పెట్టువారు ఈ సంగతి నెఱుగవలెను. కెమేరా ఇచ్చునపుడు 'బాగుచేయుము' అని యూరకుండక, ఏయే వేగములు తప్పుచున్నవో కాగితముమీద వ్రాసియిచ్చి, బాగైనపిదప అవే వేగములను మఱల కొలిచి చూపుమని అడుగవలెను. తీసివేసిన భాగములను తిరిగి ఇమ్మనుటలో తప్పులేదు. కొలువకయే 'అంతయు సరి' అనువానికంటె, 'ఇది నావలన కాదు' అనువాడు ఎక్కువ నమ్మదగినవాడు.

మార్చుట అనగా నేమో కూడ ఆలోచింపవలెను. సంతలో దొరకు పాతకెమేరాకును అదే వయస్సు, అవే వ్యాధులు. ఇంటి కెమేరా దోషమేదో తెలిసినది. కొనబోవుదాని దోషము తెలియనిది. పరీక్షింపనిదానిని చవుకయని కొనువాడు మరమ్మతుఖర్చును తప్పించుకొనలేదు, వాయిదా వేసినాడు. క్రొత్తవి బొత్తిగా లేకపోలేదు. కానన్ తన కడపటి ఫిల్ముకెమేరా అమ్మకమును 2018లోను, నికాన్ ఎఫ్-6ను 2020లోను ముగించినను, లైకా 2022లో ఎం-6ను పునఃప్రారంభించినది. దాని వెల సామాన్య కుటుంబమునకు అందనిది. పెంటాక్స్ 2024లో '17' అను క్రొత్తకెమేరాను అమెరికాలో సుమారు 500 డాలర్లకు విడుదలచేసినది. అది ఒక్కొక్క చట్రమును రెండుగా విభజించి, 36 చిత్రముల చుట్టలో 72 తీయును. ఫిల్ముధర పెరిగిన కాలమునకు తగిన యుపాయమే.

ఖర్చును తీయబోవు చిత్రములకు పంచి చూడవలెను. లెక్క కొఱకు మరమ్మతు 3,000 రూపాయలనుకొందము. ఏటికి 36 చిత్రముల చుట్టలు నాలుగు వాడువానికి ఐదేండ్లలో 720 చిత్రములు. మరమ్మతుభారము చిత్రమునకు నాలుగు రూపాయల చిల్లర. ఏటికొకసారి 12 చిత్రముల చుట్ట వాడువానికి ఐదేండ్లలో 60 చిత్రములే. భారము చిత్రమునకు 50 రూపాయలు. మొదటివానికి మరమ్మతు లాభము. రెండవవాడు తాను చిత్రములు కోరుచున్నాడో, తాతగారి వస్తువు తన చేత కదలుటను కోరుచున్నాడో తేల్చుకొనవలెను. రెండవ కోరిక తక్కువది కాదు. దానికి వెల కట్టుట ఇతరుల పని కాదు.

ఏది నిశ్చయించినను ముందు ఒక్క చుట్ట తీసి చూచుట మేలు. ఏ చిత్రమునకు ఏ వేగము, ఏ ద్వారము అని వ్రాసికొనుచు తీసి కడిగించినచో నెగటివే రోగమును చెప్పును. ప్రతి చిత్రమునను ఒకేచోట నల్లని చార పడినచో స్పాంజిగాని తిత్తిగాని దోషి. చట్రములు ఒకదానిమీద నొకటి ఎక్కినచో చుట్టు యంత్రము దోషి. అన్నియు మితిమీఱి నల్లనైనచో షట్టరు మందము. ఒకవైపు మాత్రమే మసకయైనచో కటకము సరిగా కూర్చుండలేదు. ఈ నెగటివును చేతపట్టుకొని పోయినవాడు మరమ్మతుగాని మాటకు లోబడడు.

ఈ యూరి పాతకెమేరాల గొప్పతనము వాని వెలలో లేదు. 1949నుండి 1952 వఱకు మదరాసు ప్రభుత్వమునకు నాయకుడైన పి. ఎస్. కుమారస్వామిరాజుగారు ఈ యూరివారే. అట్టివారి చిత్రములను పత్రికలు తీసినవి. సింగరాజకోటలోను శక్కరాజకోటలోను ముగ్గుపెట్టిన ముంగిట నిలిచిన అత్తలను, పెదనాన్నలను తీసినవి స్టూడియో కెమేరాలును, ఈ యింటి కెమేరాలునే. కావున కెమేరాతోపాటు దాని నెగటివులు దొరకినచో మరమ్మతునకు పెట్టదలచిన సొమ్ములో మొదటిభాగము వానికి చెల్లవలెను. పులిసిన వాసన కొట్టు నెగటివులను విడిగానుంచి, ముందుగా వానినే డిజిటలు ప్రతులుగా తీయింపవలెను. ఆ వాసన అసిటేటు ఫిల్ము కరగుటకు గుర్తు, అది ప్రక్కవానికిని సోకును. మిగిలినవానిని ప్లాస్టికు సంచులలో గాక కాగితపు కవరులలో, గోడకంటని పొడిబీరువాలో నుంచవలెను.

పాతచిత్రముల వెనుక పేరు, తిథి, సందర్భము తెలుగున వ్రాసియుంచుట పెద్దల అలవాటు. ఇంట తెలుగు మాటాడుచు బడిలో తమిళము చదువుకొనిన మనుమలకు ఆ లిపి రాకపోవుట సహజము. పెద్దలుండగనే వారిచేత చదివించి, ప్రతి కవరుమీదను ఆ పేర్లను తెలుగు తమిళ లిపులు రెంటను మెత్తని పెన్సిలుతో వ్రాయవలెను. సిరాయైనచో తేమకు కారి నెగటివునకు దిగును.